మధ్యలోంచి రావలసిన గొంతు

నాకు ఎడమ చెవి దాదాపు వినపడదు. స్పీకర్లు ఇంటికి వచ్చిన రోజున ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో ఉండేది నేనూ, మా ఆయన శశికాంత్ మాత్రమే. అమ్మాయి ఆకెన్‌లో చదువుతోంది. ఈ కరోనాలో రైళ్ళెక్కి రావద్దని మేమే చెప్పాం.

అది రెండువేల ఇరవయ్యొకటి ఫిబ్రవరి. జర్మనీలో మేముండే వోల్ఫ్స్‌బర్గ్‌లో మోకాలి లోతు మంచు. దుకాణాలన్నీ మూతపడ్డాయి గాని పార్సిళ్ళు మాత్రం ఆగలేదు. మాస్కులు పెట్టుకున్న ఇద్దరు మనుషులు రెండు పెట్టెల్ని మూడో అంతస్తు దాకా మోసుకొచ్చి, గుమ్మం బయటే దింపి, సంతకం కూడా అడగకుండా వెళ్ళిపోయారు. ఒక్కో పెట్టె నా భుజం ఎత్తు ఉంది.

"జర మెల్లగ పట్టు సుభద్రా. అది బియ్యం బస్తా కాదు," అన్నారు ఆయన.

"బియ్యం బస్తా అయితే ఇద్దరం తింటుంటిమి," అన్నాను.

ఆయన కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే ఒక చిన్న కంపెనీలో పని చేస్తారు. ఏ పనీ కొలత లేకుండా చెయ్యరు. ఏడాదిగా ఇంట్లోంచే ఆఫీసు. మీటింగుల మధ్య ఖాళీ దొరికితే స్పీకర్ల గురించి జర్మన్లు రాసుకునేవన్నీ చదివేవారు. అందుకని పెట్టెలు విప్పే ముందే హాల్లో నేల మీద కాగితపు టేపుతో గుర్తులు పడ్డాయి. రెండు స్పీకర్లు, ఒక కుర్చీ, మూడింటి మధ్యా దూరం సమానంగా ఉండాలి. వెనక గోడకి డెబ్బై సెంటీమీటర్లు వదలాలి. రెండు డబ్బాలూ కొంచెం లోపలికి, కూర్చున్న మనిషి భుజాల వైపు తిరిగి ఉండాలి. పైన ఉండే చిన్న గుండ్రటి ముక్క సరిగ్గా చెవి ఎత్తుకి రావాలి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నేల నుంచి చెవి దాకా కొలిచారు. "తొంభై ఆరు," అని నోట్‌బుక్‌లో రాసుకున్నారు. టేపు కొస ఆనించింది నా ఎడమ చెవికే.

నన్నే ఎందుకు కూర్చోబెట్టారంటే, ఆయనకు యాభై రెండేళ్ళు. చెవుల పరీక్ష ఏదో ఆన్‌లైన్‌లో చేసుకున్నారు. సన్నటి చప్పుళ్ళు ఆయన చెవికి అందడం లేదని తేలింది. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగారు. తర్వాత నా మీద పడ్డారు.

"నీకు నలభై ఆరే గద. ఆడోళ్ళ చెవులు ఇంకా మంచిగుంటయట. నువ్వు కూర్చో, నేను జరుపుతుంట. నువ్వు చెప్పుడే."

ఒక పాట పెట్టారు. ఒక్క ఆడ గొంతు, వెనక ఏ వాయిద్యమూ లేదు. స్పీకర్లు సరిగ్గా అమరితే ఆ గొంతు రెండు డబ్బాల్లో దేనిలోంచీ వచ్చినట్టు అనిపించకూడదట. రెండింటి మధ్య ఉన్న ఖాళీలోంచి, అక్కడెవరో మనిషి నిలబడి పాడుతున్నట్టు రావాలట.

"ఎక్కడికెల్లి వస్తుంది?"

నాకు కుడివైపు డబ్బాలోంచి వస్తోంది. వేరే దారి లేదు, నాకు అన్నీ కుడివైపు నుంచే వస్తాయి.

"నడుమలకెల్లే," అన్నాను.

*

అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో, ఈస్టర్ తర్వాతి గురువారం, పొద్దున లేచేసరికి ఆ చెవిలో దూది కుక్కినట్టుంది. లోపల పాత ఫ్రిజ్ మోగినట్టు ఒకటే మోత. తల అటు తిప్పితే గది తిరుగుతోంది. డాక్టరుకు ఫోన్ చెయ్యమన్నాను. నా జర్మన్ కూరగాయల కొట్టుకీ బస్సుకీ సరిపోతుంది గాని ఫోన్లో మాట్లాడేంత లేదు. ఈ దేశం వచ్చినప్పటి నుంచీ టెర్మిన్లన్నీ, అంటే అపాయింట్‌మెంట్లన్నీ, ఆయనే తీసుకుంటారు.

ఆయన వంటింటి కిటికీ దగ్గర నిలబడి మాట్లాడారు. అవతల ఆమె ఎక్కువసేపు మాట్లాడింది. ఈయన అవును, కాదు, థాంక్స్ అని పెట్టేశారు.

"ఏమన్నరు?"

"ఏమంటరు. గులిమి అయ్యుంటదట. రెండు వారాలు చూడుమన్నరు. ఇప్పుడు దవాఖానలకు ఎవర్నీ రానిస్తలేరు."

సాయంత్రం మా అత్తగారు శ్యామలాదేవి గారు హనుమకొండ నుంచి వీడియో కాల్‌లోకి వచ్చారు. రెండు ఎల్లిపాయ రెబ్బలు నూనెలో ఎర్రగా కాగబెట్టి, గోరువెచ్చగా నాలుగు చుక్కలు వెయ్యమన్నారు. పది రోజులు, పొద్దునా సాయంత్రం, ఆయనే వేశారు. సోఫాలో నా తల తన ఒళ్ళో పెట్టుకుని, చుక్క చేతి మీద వేసుకుని వేడి చూసుకుని, ఒక్కో చుక్కా లెక్కపెట్టి వేసేవారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన నా కోసం అంత ఓపికగా కూర్చున్నది ఆ పది రోజులే. నేను కళ్ళు మూసుకుని, ఈ బాధ ఇలాగే ఉన్నా బాగుండునని కూడా ఒకసారి అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడో వారం ఆయన కంపెనీలో అందరికీ పని గంటలు సగం చేశారు. ఆ రోజు వంటింట్లోకి వచ్చి, "తగ్గిందా లేదా?" అని అడిగారు. ఆ అడగడంలో తగ్గిందనే జవాబు ముందే ఉంది.

"తగ్గింది," అన్నాను.

ఒకసారి తగ్గిందన్నాక మళ్ళీ తగ్గలేదని ఎలా చెప్పాలి? రేపు తగ్గుతుందేమో అని కొన్నాళ్ళు, చెప్తే ఏమంటారో అని కొన్నాళ్ళు గడిచిపోయాయి. బల్ల దగ్గర ఆయన నా కుడివైపు ఉండేలా కుర్చీ మార్చుకున్నాను. నడకకి వెళ్తే ఆయనకి ఎడమపక్కన నడిచేదాన్ని. ఎడమ నుంచి పిలిస్తే పలకనప్పుడు, "చెవిటి మాలోకమా, నిన్నే," అనేవారు నవ్వుతూ. నేనూ నవ్వేదాన్ని.

*

మొదటి వారం గట్టెక్కాను. స్పీకర్ల ముందున్న గుడ్డ తీసేసి ఉండడం వల్ల లోపలి నల్లటి రేకు అదరడం కనబడేది. ఏది అదిరితే అటు అని చెప్పేదాన్ని. రెండూ అదిరితే నడుమ. ఆయన నోట్‌బుక్‌లో రాసుకుని, స్పీకర్‌ని ఒక సెంటీమీటరు జరిపి, మళ్ళీ అడిగేవారు.

రెండో శనివారం, "కండ్లు మూసుకో. కండ్లు తెరిస్తే మనసు మోసం చేస్తదట," అన్నారు.

మూసుకున్నాను.

"ఇప్పుడు?"

"కుడి."

"ఇప్పుడు?"

"కుడే."

"మొదటిది కుడి కరెక్టే. రెండోది నేను ఎడమది పెట్టిన గద!"

వైర్లు తారుమారయ్యాయేమో అని వెనక్కి వెళ్ళి విప్పి మార్చారు. మళ్ళీ అడిగారు. నేను మళ్ళీ కుడి అన్నాను. ఏదో ఒకసారి ఎడమ అనెయ్యొచ్చు. కానీ కళ్ళు మూసుకున్న మనిషి ఎంతసేపని గుడ్డిగా అబద్ధమాడుతుంది?

అప్పటి నుంచి తప్పు గదిదయింది. ఎడమవైపు పెద్ద కిటికీ, కుడివైపు బట్టల బీరువా. అద్దానికి తగిలి శబ్దం చెదిరిపోతోందని కిటికీకి రెండు రజాయిలు వేలాడదీశారు. హాల్లో పగలే లైటు వేసుకునే పరిస్థితి వచ్చింది. అదీ చాల్లేదు. ఈశాన్యంలో ఉన్న దేవుడి అర స్పీకర్ వెనకాలే ఉంది. ఈ ఇల్లు వెతికినప్పుడు ఈశాన్యంలో అర పట్టదని రెండు మంచి ఇళ్ళు వదిలేసిన మనిషి, ఒక ఆదివారం పొద్దున స్క్రూ డ్రైవర్ పట్టుకొచ్చారు.

"మీరే గద అన్నరు, ఈశాన్యం తప్ప వేరే మూలకు పెట్టొద్దని?"

"నలభై సెంటీమీటర్లు జరిగితే ఈశాన్యం పోతదా? దేవుడు సర్దుకుంటడు."

అర జరిగింది. ఆయన జరిపింది నా చెవి కోసమే అని నాకు తెలుసు. లేచి నిలబడి చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. "అటు పట్టు, పట్టు, జారుతుంది," అని అరిచారు. పట్టుకున్నాను.

నాలుగో వారం స్పీకర్లమ్మిన దుకాణానికి ఉత్తరం రాశారు. ఎడమ స్పీకర్లో లోపముందని, నా భార్య వినికిడి చాలా చురుకైనదని, అయిదు వారాల్లో వంద సార్లకు పైగా పరీక్షించామని. నాలుగు వారాలను అయిదు చేశారు, బలంగా ఉంటుందని. దుకాణం వాళ్ళు ఒక్క మాటా అనకుండా కొత్త స్పీకర్ పంపి పాతది తీసుకుపోయారు. కొత్తది పెట్టాక కూడా గొంతు కుడినుంచే వచ్చింది.

*

ఇంకొక ఇంటి నుంచి ఒకే ఒక్క మనిషి రావచ్చని అప్పటి నిబంధన. ఆ ఒక్క మనిషిగా ఖుత్బుద్దీన్ వచ్చాడు. హైదరాబాద్ టోలీచౌకి వాడు, మా ఆయన పాత కొలీగ్. ఇప్పుడు వేరే చోట కార్ల లోపల సౌండ్ ఎలా ఉండాలో చూసే పని. సన్నటి మైకూ ల్యాప్‌టాపూ తెచ్చాడు. కిటికీ తెరిచి, మాస్కు తియ్యకుండా, గంట సేపు కొలిచాడు. చలికి నేను శాలువా కప్పుకుని టీ పెట్టాను.

"శశి భాయ్, గ్రాఫ్ చూడండి. రెండూ కవల పిల్లల్లెక్క ఉన్నయ్. రూమ్ కూడా ఫస్ట్ క్లాస్. దేవుణ్ణి కూడా జరిపేసిన్రు, ఇంకేం కావాలె?" అన్నాడు. తనే కుర్చీలో కూర్చుని పాట విన్నాడు. "నడుమ. బరాబర్ నడుమ. సూది గుచ్చినట్టు."

"మరి సుభద్రకు ఎందుకు కుడికి వస్తుంది?"

నేను టీ కప్పు అతని ముందు పెట్టాను. అతను ఒక గుటక తాగి నవ్వాడు.

"భాభీ, చక్కెర వద్దని మూడుసార్లు చెప్పిన. ఇటు, మీ ఎడమ పక్కకెల్లి."

"మాస్కు ఉంది గద, వినపడలే," అన్నాను.

అతను నవ్వు ఆపాడు. నా ముఖం వైపు కాదు, నా చెవి వైపు చూశాడు.

"మా దగ్గర వినే టెస్టులకు మనుషుల్ని పిలుస్తం భాయ్. ముందుగాల వాళ్ళ చెవులు చెక్ చేస్తం, తర్వాతనే కూర్చోబెడతం. మీరు మైక్ చెక్ చేసిన్రు, వైర్ చెక్ చేసిన్రు, గోడ చెక్ చేసిన్రు. భాభీ చెవులు చెక్ చేసిన్రా?"

శశికాంత్ నా వైపు తిరిగారు. "ఏంది? నీకు వినపడతలేదా?"

"ఎడమది. అంతగా వినపడదు."

"ఎప్పటికెల్లి?"

"పోయిన ఏప్రిల్ నుంచి. మీరు నూనె పోసిన్రు గద, అప్పటి నుంచి."

ఆయన ఏదో అంటారని ఎదురుచూశాను. ఆయన నోట్‌బుక్ అందుకుని వెనక్కి తిప్పారు. ఒక పేజీ, ఇంకో పేజీ.

"అంటే ఈ అయిదు వారాల రీడింగులు అన్నీ వేస్టేనా? నడుమ అన్నవి కూడా?"

"భాయ్," అన్నాడు ఖుత్బుద్దీన్ మెల్లగా. మైకు తంతి చుట్టుకుంటూ, నాకు కుడివైపు వచ్చి నిలబడి, "భాభీ, రేపే డాక్టరుకు చూపించుకోండి. ఒక్క రోజు కూడా ఆగొద్దు," అన్నాడు. టీ మిగిల్చేసి వెళ్ళాడు.

*

డాక్టరు దగ్గరికి పేషెంటు ఒక్కరే రావాలి, తోడు రాకూడదు. అలా మొదటిసారి నేనొక్కదాన్నే వెళ్ళాను. చెవి డాక్టరుకు చీటీ రాయించుకోవడానికి ముందు మా మామూలు డాక్టరు క్లినిక్‌కి వెళ్ళాలి. ప్లాస్టిక్ తెర వెనక ఉన్న ఆమె కంప్యూటర్‌లో నా పేరు కొట్టి, స్క్రీన్ వైపు వంగి చదివి, నన్ను చూసింది. ఏదో అంది. మాస్కు, తెర, నా చెవి. నాకు అందలేదు. మళ్ళీ చెప్పమన్నాను. ఆమె విసుక్కోకుండా ఒక కాగితం ప్రింటు తీసి, ఒక వాక్యం కింద పెన్నుతో గీసి తెర కింది సందులోంచి ఇచ్చింది.

పదహారు ఏప్రిల్. ఉన్నట్టుండి వినికిడి తగ్గింది, తల తిరుగుడు. ఈ రోజే రావాలని ఫోన్‌లో గట్టిగా చెప్పాం. పేషెంటు రావడానికి ఇష్టపడడం లేదని భర్త తెలిపారు.

అంతపాటి జర్మన్ నాకు వచ్చు. నేను మూడుసార్లు చదివాను.

చెవి డాక్టరు పెద్దాయన. గాజు గదిలో కూర్చోబెట్టి, కూతలు వినిపించి, గీత గీసి చూపించారు. కుడి గీత పైన, ఎడమ గీత కింద ఎక్కడో. ఇలాంటివాటికి మొదటి కొద్ది రోజుల్లోనే మాత్రలు ఇవ్వాలట. ఇచ్చినా కొందరికి వస్తుంది, కొందరికి రాదు. మీకు వచ్చేదని నేను చెప్పలేను, రాదనీ చెప్పలేను, అన్నారు. ఇప్పుడు మాత్రం ఇక రాదు. మిగిలిన కాస్తకి మిషన్ పెట్టుకుంటే కొంత ఉపయోగం.

"అప్పుడే ఎందుకు రాలేదు?" అని అడిగారు. తప్పుపట్టడానికి కాదు, ఊరికే.

"నాకు తెలియదు," అన్నాను. అది నిజమే.

ఇంటికి వచ్చేసరికి ఆయన కుర్చీలో ఉన్నారు. కొలతలన్నీ తన చెవి ఎత్తుకి మార్చుకున్నారు. పాట ఆపి, "ఏమన్నడు?" అని అడిగారు. చెప్పాను.

"గ్యారంటీ ఏం లేదన్నడు గద. అయితే అప్పుడు పోయినా ఇదే అవుతుండె."

కోటు విప్పకుండానే ఆయన ఎదురుగా కూర్చున్నాను. "ఆ రోజు ఫోన్‌ల ఆమె ఏమన్నది?"

"ఎన్నిసార్లు చెప్పాలె? రెండు వారాలు చూడుమన్నది."

తడబడలేదు. కళ్ళు కూడా పక్కకి తిప్పలేదు. ఏడాదిలో ఆ అబద్ధం ఆయనకి నిజం అయిపోయిందేమో నాకు తెలియదు. సంచిలోంచి కాగితం తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. చాలాసేపు చదివారు. ఒకే ఒక వాక్యానికి అంతసేపు పట్టదు.

"వీళ్ళు ఇవన్నీ రాసిపెట్టుకుంటరా!" అన్నారు.

నేను కాగితం మళ్ళీ అందుకుని మడిచాను.

"అప్పుడు ఎట్లుండెనో నీకు యాది లేదా? టీవీల రోజూ శవపేటికలే గద. నువ్వు క్లినిక్‌ల కూర్చొని అంటించుకొని వస్తే ఇద్దరం పోతుంటిమి. నాకు బీపీ. పిల్ల ఒక్కతి. నీ మంచికే చెప్పిన."

"పంపను అంటే పంపను అని చెప్తే అయిపోతుండె. నేను రానన్న అని ఎందుకు చెప్పిన్రు?"

"నేను వద్దంటున్న అంటే వాళ్ళు ఏమనుకుంటరు నా గురించి?"

కోటు విప్పి తగిలించి వచ్చాను. బియ్యం కడిగాను. ఆయన హాల్లో మళ్ళీ పాట పెట్టారు, ఎప్పటికంటే చిన్నగా.

*

రెండు రోజుల తర్వాత ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. దుకాణానికి రాసిన ఉత్తరం చదివి వినిపించారు. జర్మన్ బాగా రాస్తారు, ఆ మాట చెప్పుకోవాలి. మా పొరపాటు వల్ల మీకు కలిగిన శ్రమకు మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుకుంటున్నాను. స్పీకర్‌లో ఏ లోపమూ లేదు. నా భార్యకు వినికిడి లోపం ఉన్నట్టు ఇప్పుడే తెలిసింది. తొందరపడి మిమ్మల్ని తప్పుపట్టినందుకు బాధపడుతున్నాను.

"మంచిగుందా?"

"మంచిగుంది," అన్నాను. క్షమాపణ ఎలా అడగాలో ఆయనకి బాగా తెలుసునని అప్పుడే తెలిసింది.

మర్నాడే జవాబు వచ్చింది. ఫరవాలేదని, మీ శ్రీమతిగారి ఆరోగ్యం ఎలా ఉందని, ఆమె త్వరగా కోలుకోవాలని. "చూసినవా, ఎంత మర్యాదస్తులో," అన్నారు. ఈ ఏడాదిలో ఖుత్బుద్దీన్ తర్వాత నా చెవి సంగతి పట్టించుకున్న మనిషి, నేనెన్నడూ చూడని ఆ దుకాణదారు.

ఆదివారం అత్తగారి కాల్ వచ్చింది. నేను చపాతీలు చేస్తున్నాను. ఫోన్ బల్ల మీద డబ్బాకి ఆనించి ఉంది.

"ఏడాది దాచిపెట్టిందమ్మా. చెప్తే గద మాకు తెలిసేది," అంటున్నారు ఆయన.

"అంత గుట్టెందుకమ్మా సుభద్రా? మొగుని దగ్గర గూడ దాస్తరా?" అన్నారు ఆవిడ. గొంతులో కోపం లేదు, నిజంగానే బాధపడుతున్నారు.

పిండి చేతులతోనే ఫోన్ ముందుకి వచ్చాను. "అత్తమ్మా, డాక్టరమ్మ ఆ రోజే రమ్మన్నదట. ఈయన..."

"హలో? అమ్మా? నెట్ ఆగుతుంది, మల్ల చేస్త," అని ఆయన ఫోన్ ఎత్తుకుని కట్ చేశారు. తెర నల్లబడేదాకా అందులో అత్తగారి ముఖం చక్కగా కదులుతూనే ఉంది.

*

మే నెలలో చెవి మిషన్ల కొట్టు నుంచి ఉత్తరం వచ్చింది. మిషన్‌ని మొదటిసారి సర్దేటప్పుడు, ఇంట్లో మీరు ఎక్కువగా ఎవరి గొంతు వింటారో వారిని వెంట తెచ్చుకోండి, నెగెటివ్ రిపోర్టుతో ఒకరిని అనుమతిస్తాం, అని ఉంది. ఆయనే చదివి చెప్పారు.

"నేనొస్త. ఈ సెట్టింగులు నాకు తెలిసినంత వాళ్ళకు తెల్వయ్. నా గొంతు నీకు ఎట్ల రావాలెనో నేనే చెప్త."

"వద్దు," అన్నాను.

"అంటే? ఒక్కదానివే పోతవా?"

"డాక్టరు దగ్గరికి పోలేదా?"

"మరి ఎవరి గొంతు పెట్టి చూస్తరు?"

"ఎవరిదో ఒకరిది."

ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి ఆగారు. "ఒక్క ఫోన్ కాల్ గురించి ఎన్ని రోజులు ఇట్ల?" అన్నారు. నేను ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకున్నాను. వాళ్ళు రమ్మన్న రోజున బస్సు పదిన్నరకి. బయల్దేరాను.

కొట్టులో అమ్మాయి పాతికేళ్ళది. మాటలు విడదీసి చెప్పింది. గవ్వంత మిషన్‌ని నా చెవి వెనక తగిలించి, తంతిని తన కంప్యూటర్‌కి కలిపింది. "మీతో ఎవరూ రాలేదా?" అంది. లేదన్నాను. అయితే రేడియో పెడతాను, అంది.

వార్తలు. ఒక మగ గొంతు, ముందు కంకర మీద నడిచినట్టు, తర్వాత రేకు మీద గీసినట్టు వచ్చింది. ఆమె ఒక్కో మెట్టూ తగ్గించి, పెంచి, అడుగుతూ పోయింది. పదిహేను నిమిషాలకి ఆ గొంతు మనిషి గొంతయింది. నా ఎడమవైపు నుంచి, పదమూడు నెలల తర్వాత, ఎవరో ఆ రోజు కేసుల సంఖ్యలు జిల్లాలవారీగా చదువుతున్నాడు. నేను మా జిల్లా వచ్చేదాకా విన్నాను.

"బాగుందా? ఈ కొలతే దాచనా?" అని అడిగింది.

"దాచండి."

ఆమె ఒక ఫారం నింపడం మొదలుపెట్టింది. నా పేరు, పుట్టిన తేదీ, ఏ చెవి, ఏ మిషన్. దగ్గరి వ్యక్తి గొంతుతో సరిచూసినది, పేరు, బంధుత్వం అన్న గడి దగ్గర పెన్ను ఆపి నా వైపు చూసింది. మీవారు వచ్చేసారి వస్తారా, అప్పటిదాకా ఖాళీగా వదలనా, అంది.

ఆ గడికి అడ్డంగా గీత కొట్టెయ్యమన్నాను.